పెండ్లికొడుకు అక్షరం

తిట్లు తినడానికి కూడా ఒక మర్యాద ఉంటుంది. తిట్టేవాళ్ళు ఊపిరి పీల్చుకునే సందులో ఒక మాట అడ్డం వేయాలి. అది చేతకాకపోతే కనీసం ముఖమైనా చిట్లించాలి. మా ఆయనకు ఆ మర్యాద తెలియదు. పదిహేనేళ్ళ కాపురంలో ఎన్ని మంచి మంచి తిట్లు ఆయన మీద వృథా చేశానో చెప్పలేను. ఎదురు మాట రాని మనిషిని తిట్టడమంటే, కరెంటు లేనప్పుడు మిక్సీ బటన్ నొక్కడమే.

అయితే ఆ పూట తిడుతున్నది నేను కాదు. నా తోడికోడలు భాగ్యశ్రీ.

"నవ్వుతున్నడు! చూడు బావా, నవ్వుతున్నడు గీ కాయితంల! తప్పిపోయినోడు గిట్ల కోటేసుకోని నవ్వుతడా?"

పోస్టర్ల కట్ట తెచ్చి కంప్యూటర్ బల్ల మీద పడేసింది. కొన్ని కిందికి జారాయి. మా ఆయన సాయినాథ్ వంగి వాటిని ఏరి, అంచులు సమానంగా సర్దడం మొదలుపెట్టాడు. నాకే ఒళ్ళు మండింది, ఆమెకు మండదా?

"సదురుతున్నవా? ఇంకా సదురుతున్నవా బావా?"

భాగ్యశ్రీ ఈ ఇంటికి వచ్చి ఏడేళ్ళు. బావ కూర్చున్న గదిలోకి చీపురు పట్టుకుని రావడానికి కూడా మొహమాటపడే పిల్ల. అలాంటిది ఆ రోజు ఆమె గొంతు గల్లీ దాటి మెయిన్ రోడ్డు మీద ఆటోవాళ్ళకు వినిపిస్తోంది. మా మామ దశరథం గడపలో కూర్చుని, ఆపమని ఒక్కసారి కూడా అనలేదు.

ఆమె భర్త బాలకిషన్, నా మరిది, బొంబాయి దగ్గరి భివండి పోయి ఐదు నెలలు. ఫోన్ పలకక రెండు నెలలు. మరమగ్గాలను మా సిరిసిల్లలో సాంచాలంటారు. మా ఇంటి ముందు షెడ్డులో అవి ఎనిమిది ఉండేవి. వాటిని పాత ఇనుము కింద లారీకెక్కించిన రోజు బాలకిషనే షెడ్డంతా ఊడ్చాడు. మూలల్లోని దూదిపీచు కూడా వదలకుండా ఊడ్చి, చీపురు గోడకు ఆనించి, తెల్లారి బొంబాయి బస్సెక్కాడు. ఆ షెడ్డులోనే ఇప్పుడు మా ఆయన కంప్యూటరూ, పెండ్లికార్డుల అల్మారా, ఫ్లెక్సుల చుట్టలూ ఉన్నాయి.

ఆ రోజు పొద్దున భివండి నుంచి రాజమల్లు అనే మేస్త్రి ఫోన్ చేశాడు. బాలకిషన్ దొరికాడని కాదు. దొరికేవాడని.

"బాపు ఇంకోసారి ఇంటడట. ఫోన్ కలుపు," అన్నాను మామ వైపు చూపిస్తూ మా ఆయనతో. ఏదో ఒకటి అనాలి కదా.

ఆయన కలిపి స్పీకర్ పెట్టాడు. వెనక సాంచాల చప్పుడు. మా షెడ్డులో ఐదు నెలలుగా వినపడని చప్పుడు, భివండి నుంచి వచ్చి గది నిండా కూర్చుంది.

"అలో... దశరథమన్ననా? నేనే, రాజమల్లును. మాది ఎల్లంతకుంట."

"మల్లొక్కపారి జెప్పు తమ్మీ," అన్నాడు మామ. "నా చెవులతోని నేను ఇనాలె."

"ఏం జెప్పాలెనే. మీ పిలగాడు మా కార్ఖానల నెలా పది దినాలు చేసిండు. పనిమంతుడు. మాట తక్కువ. మీ కాయితం మా గల్లీ మొగన చాయ హోటల్ గోడకుండె. గా గోడ కిందనే కూసోని దినాం చాయ తాగేది."

"మరి ఒక్కలకన్న ఫోన్ చెయ్యాల్నని తోచలేదా అన్నా?" అంది భాగ్యశ్రీ.

"కోపం జెయ్యకు చెల్లె. దాన్ని జూస్తే తప్పిపోయినోని కాయితం లెక్క లేకుండె. కోటు, నవ్వు మొకం, ఎర్రటి అచ్చరాలు ఉరికినట్టు... ఈడ మనోళ్ళ సంఘం ఎలక్షన్లు నడుస్తున్నయ్. వారానికి నాలుగు గసొంటియే అంటిస్తరు. గిది గూడ గదే అనుకున్నం. లీడర్ సాబ్ అని పిలిచినం గూడ ఆయనను."

ఆ మాటకు రాజమల్లే నవ్వబోయి ఆగిపోయాడు.

"ఆయన ఏమన్నడు?" భాగ్యశ్రీ గొంతు ఒక్కసారిగా చిన్నదైంది.

సాంచాలు కొట్టుకుంటున్నాయి.

"చెప్పన్నా."

"ఒకనాడు గోడకాడ నిలవడి చానాసేపు చూసిండు. 'నేను పోయింది గూడ మా ఇంట్ల పండుగే అయింది' అన్నడు. పరాచికమనుకున్నం చెల్లె. తెల్లారెసరికి గోడకు కాయితం లేదు. ఇంకో దినానికి ఆయన లేడు. నిన్న కార్ఖాన ఎనుక సున్నమేసేటోళ్ళు పీకుతుంటే ఇంకోటి నా చేతికచ్చింది. మొకం మీదికి పెట్టుకోని సదివితే గప్పుడు తెలిసింది. నాలుగు దినాలాయె పోయి."

"ఏ దిక్కు పోయిండు?" అని మామ అడిగాడు.

"సూరత్ అంటున్నరు. మా బామ్మర్ది ఈ మాపు ఆరింటికి సూరత్ బండెక్కుతడు. సక్కటి కాయితమొకటి మెయిల్ కొట్టుర్రి, ఈడ జిరాక్స్ దుకాణంల తీసి ఆయన చేతికిస్త. మనోళ్ళుండే గల్లీలు ఆయనకెర్కే. గీసారి మాత్రం మనిషి తప్పిపోయినట్టు కొట్టుర్రి అన్నా. తప్పువడితే మాఫ్ జెయ్యుర్రి."

ఫోన్ పెట్టేశాక షెడ్డు మళ్ళీ ఖాళీ షెడ్డయింది.

గోడ గడియారంలో మూడు దాటి ఐదు నిమిషాలు. ఆ నెల మా వీధికి కరెంటు కోత నాలుగింటి నుంచి ఆరింటిదాకా. అంటే మా దగ్గరున్నది యాభై ఐదు నిమిషాలు. అయినా ఎవరూ కదల్లేదు. మాది అలాంటి ఇల్లు. పోట్లాట సగంలో ఉండగా పనికి లేవడం మాకు పెద్ద అవమానం.

ఆ పోస్టరు మీది అక్షరం గురించి చెప్పాలి. కంప్యూటర్లో దానికేదో ఇటలీ ఊరి పేరు లాంటి పేరుంది. మా షెడ్డులో మాత్రం అది 'పెండ్లికొడుకు'. ఇంగ్లీషు అక్షరం. లావున్న చోట కల్లుకుండలా లావు, సన్నమున్న చోట వెంట్రుకంత సన్నం. కాళ్ళ కింద పాంకోళ్ళు తొడుక్కున్నట్టు చిన్న చిన్న మడమలు. నిటారుగా నిలబడదు. కుడిపక్కకు ఒరిగి, బారాత్‌లో బ్యాండు వెంట పోతున్నట్టు ఊగుతూ నడుస్తుంది. దానికి జోడుగా తెలుగులోనూ ఒక లావుపాటి వాలు అక్షరాన్ని వెతికి పెట్టుకున్నాడు మా ఆయన.

కంప్యూటర్ రాకముందు ఆయన దాన్ని చేత్తో రాసేవాడు. జగిత్యాలలో ఎర్రయ్య అనే పెయింటర్ దగ్గర నాలుగేళ్ళు కుంచె పట్టి నేర్చుకున్నాడు. లావు గీత కిందికి దిగేటప్పుడు ఊపిరి వదలాలట, సన్న గీత పైకెక్కేటప్పుడు బిగపట్టాలట. పెండ్లయిన కొత్తలో ఆ విద్యంతా నాకు బియ్యం డబ్బా మీద చూపించాడు. ఇప్పటికీ మా ఇంట్లో బియ్యం డబ్బా నగల దుకాణం బోర్డులా ఉంటుంది.

ఆ అక్షరం ఎక్కడ పెట్టినా అక్కడ ఏదో శుభం జరుగుతున్నట్టే ఉంటుంది. ఫంక్షన్ హాలు, పట్టుచీరల డబ్బా, కొత్తగా తెరిచిన మటన్ సెంటర్, యువనాయకుడి పుట్టినరోజు, విమానం బొమ్మ పక్కన వీసాల బోర్డు. ఏం రాసి ఉందో జనం తర్వాత చదువుతారు. దూరం నుంచి చూసేది దాని నడకే. అలాంటి అక్షరాన్ని, ఎర్ర రంగులో, పసుపు నీడతో, జానెడెత్తున BALAKISHAN అని పరిచి, పైన 'కనబడుటలేదు' అనే మాటకు కూడా అదే వాలు పెట్టి, కింద ఫోన్ నంబరును చీమల బారులా దించితే, భివండిలో చాయ తాగేవాడు ఏమనుకుంటాడు?

మామ ఒక పోస్టరు తీసుకుని, దూరంగా పట్టుకుని చూశాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. నలభై ఏళ్ళు బట్ట నేసిన కన్ను మాత్రం ఉంది.

"సాయిలూ."

"ఆఁ బాపు."

"గీ అచ్చరాలు ఎటో ఉరుకుతున్నయ్ గదరా. మనం జనాన్ని నిలవెట్టాలె గదా."

మా ఆయన పోస్టర్ల కట్టను ఇంకోసారి సర్దాడు.

"గిట్లెందుకు కొట్టినవ్?"

"చెప్పు బావా," భాగ్యశ్రీ అందుకుంది. "నేను కోరుట్ల మా అవ్వగారింట్ల ఉన్నప్పుడు కొట్టించి పంపిన్రు. పోస్టర్లు పోయినయి, గోడలకెక్కినయి అని ఫోన్‌ల చెప్పిన్రు. నమ్మిన. ఎట్లున్నయని గూడ అడగలే. నలభై దినాలు గా నంబరు పట్టుకోని కూసున్న, ఎవలన్న చేస్తరేమోనని. స్నానానికి పోతే గూడ ఫోన్ గిన్నెల పెట్టుకోని పోయిన. చెప్పు, ఎందుకట్ల కొట్టినవ్?"

నేను అప్పటికే కడిగిన గ్లాసులను మళ్ళీ కడుగుతున్నాను.

మా ఆయన నా వైపు చూడలేదు. చూసుంటే బాగుండేది. కీబోర్డు మీద దుమ్మును వేలితో తుడుస్తూ అన్నాడు.

"నాకు గా అచ్చరమంటే ఇష్టం. మంచిగుంటదనుకున్న. గంతే."

"నీ ఇష్టం కోసం నా కొడుకును గోడకేసినవా?" అన్నాడు మామ.

ఆయన గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

నిజానికి ఆ పోస్టరు మొదట అలా లేదు.

నలభై రోజుల కిందట మా ఆయన దాన్ని తయారుచేసి, చూడమని నన్నే పిలిచాడు. తెల్ల కాగితం. నల్లటి నిలువు అక్షరాలు. పైన తెలుగులోనూ హిందీలోనూ ఒకే మాట, కనబడుటలేదు. మధ్యలో ఆధార్ కార్డు ఫోటో, దాని చుట్టూ సన్న గీత. కింద ఫోన్ నంబరు, గుప్పెడంత అంకెలు. వీధి అవతలి నుంచి చదవొచ్చు.

నేను దాని మీంచి చూపు తిప్పేసుకున్నాను.

ఎందుకంటే మా షెడ్డులో ఒక కట్టుబాటుంది. పెండ్లికీ షాపుకూ వాలు అక్షరం, చావు తర్వాత పంచే దినాల కార్డుకు నిలువు అక్షరం. నల్ల సిరా, ఫోటో చుట్టూ సన్న గీత. ఆ నెలలోనే మా వాడకట్టులో అలాంటి కార్డులు నాలుగు కొట్టాడు మా ఆయన. నాలుగింటిలోనూ వయసులో ఉన్న ముఖాలే. సాంచాలు ఆగిన ఇళ్ళ ముఖాలే. ఆ కార్డుల ప్రూఫులు చూసేది నేను. డిగ్రీ చదివినందుకు నాకు మిగిలిన ఉద్యోగం అది.

"గిది తీసెయ్," అన్నాను.

"ఏమైంది? సక్కగ కనబడుతుంది గదా."

"తీసెయ్‌మన్న. మంచి ఫోటో పెట్టు, పెండ్లిల కోటేసుకున్నది. పెండ్లికొడుకు అచ్చరం పెట్టు. రంగు పెట్టు. కళ ఉండాలె."

"ఊర్మిలా, దూరంకెల్లి సదవాలంటే గిదే నయం. గా సన్న గీతలు జిరాక్స్‌ల పోతయ్. అది షోకు అచ్చరం, పనికి రాదు."

పదిహేనేళ్ళలో ఆయన నాకు ఎదురు చెప్పింది మూడు సార్లు. అది మూడోది. మూడు సార్లూ నేనే గెలిచాను.

గడియారంలో మూడున్నర.

భాగ్యశ్రీ లోపలికి పోయి బ్యాగు తెచ్చుకుంది. అది పొద్దున్నే సర్ది పెట్టుకుందని చూడగానే తెలిసింది. పైన టవల్ మడత కూడా చెదరలేదు.

"యాడికి బిడ్డా?" అన్నాడు మామ.

"కోరుట్ల. మా తమ్ముని దోస్తుకు ప్రెస్సుంది. ఆడ కొట్టిస్త."

"నువ్వు పోయేసరికి ఆరు దాటుతది. రాజమల్లు బామ్మర్ది బండెక్కిపోతడు."

"పోనీ. రేపు ఇంకొకలు పోతరు. లేకుంటే నేనే పోత సూరత్. గీ ఇంట్ల కొట్టిన కాయితం మాత్రం నా పెనిమిటి మీద ఇంకోటి వద్దు మామా."

"మర్దలా," అన్నాడు మా ఆయన. ఆ గంటలో ఆయన తనంతట తాను నోరు తెరవడం అదే మొదలు. "ఇరవై నిమిషాలల్ల చేస్త. నువ్వు పక్కన కూసో. నువ్వెట్ల చెప్తె గట్ల."

"నేను చెప్పాల్నా? మీ తమ్ముడు గదా బావా! నీకు తెల్వదా? ఊరందరికి ఏ అచ్చరం యాడ పెట్టాల్నో చెప్తవు. పాల పాకెట్ల దుకాణం ఆయనకు చెప్తవు, బడి సార్లకు చెప్తవు. నీ తమ్మునికాడికచ్చేసరికి తెల్వకపాయెనా?"

ఆయన తల వంచుకున్నాడు. తెల్లబడుతున్న ఆ నడినెత్తిని చూస్తూ నిలబడ్డాను. ఒక్క మాటతో ఆయన బయటపడొచ్చు. 'నేను సక్కగనే కొట్టిన, మీ అక్క మార్పించింది.' నాలుగైదు మాటలు. అవి ఆయన నోట్లోనే ఉన్నాయి. అటు వైపు నమిలి, ఇటు వైపు నమిలి, మింగుతున్నాడు.

నేను లోపల ఒక లెక్క వేసుకున్నాను. అది ఎంత నీచమైన లెక్కో చెప్తాను. ఆయనెలాగూ పడతాడు. భాగ్యశ్రీ నాలుగు రోజులకు చల్లబడుతుంది. ఆయన బావ కాబట్టి మళ్ళీ మాట కలుస్తుంది. నేను ఆమెకు అక్కలాంటిదాన్ని. నేను చేశానని తెలిస్తే మాత్రం కలవదు. కాబట్టి గ్లాసులు కడగడమే మంచిది.

ఆమె చెప్పులు వేసుకుంది.

మూడూ నలభై. కంప్యూటర్ తెర మీద కొత్త తెల్ల కాగితం. మా ఆయన దాన్ని ఎప్పుడు తెరిచాడో చూడనే లేదు. అందులో పైన ఒక్క మాట మాత్రం ఉంది. మా మరిది పేరు, నల్లగా, నిలువుగా. ఆ కాగితం ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరైనా కొట్టమంటే కొడదామని కూర్చున్నాడు.

"భాగ్యా, ఆగు."

"బస్సు పోతదక్కా."

"ఆయన గట్లనే కొట్టిండు. ముందుగాల. నల్లగ, సక్కగ, పెద్ద నంబరుతోని. నేనే తీసెయ్‌మన్న."

"ఊర్మిలా," అన్నాడు మా ఆయన.

"నువ్వూకో. ఫోటో మార్పించింది నేను. గా అచ్చరం పెట్టించింది నేను. ఆయన వద్దనే అన్నడు. షోకు అచ్చరం, పనికి రాదన్నడు."

భాగ్యశ్రీ ఒక కాలు గడప అవతల ఉండగానే వెనక్కి తిరిగింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే, తిట్లెలా తినాలో తెలిసినదాన్ని కాబట్టి నాలుగు ఎదురు వేసి నిలబడేదాన్ని.

"ఎందుకక్కా?" అని మెల్లగా అడిగింది.

దానికి జవాబు, రెండు నెలలుగా ఆ ఇంట్లో ఎవరం అనని మాట. మామ అనలేదు, మా ఆయన అనలేదు. దేవుడి దగ్గర దీపం పెట్టేటప్పుడు కూడా నేను దాన్ని పక్కకు నెట్టాను.

"దినాల కార్డు లెక్క కనబడ్డది," అన్నాను.

మామ చేతిలోని పోస్టరు చప్పుడు చేసింది.

"ఆయన లేడనుకున్నవా?"

"అనుకున్న."

"ఆయన ఆడ గోడకింద చాయ తాగుతుంటే, నువ్వీడ లేడనుకున్నవా?"

"అనుకున్న భాగ్యా."

ఆమె నన్నే చూస్తోంది. బ్యాగు భుజం మీదే ఉంది. కిందికి దించుతుందో, ఎత్తుకుని పోతుందో నాకు అర్థం కాలేదు.

"నేనొక్కదాన్నే అనుకుంటున్న అనుకున్న," అంది. "మీరందరు గంత రంగుల కాయితం కొట్టిచ్చిన్రంటే, మీకు భయం లేదనుకున్న. రాత్రుళ్ళు నాకొక్కదానికే గట్లనిపిస్తుందేమో, నేనే పాపిష్టిదాన్నేమోనని..."

మాట అక్కడ తెగింది. రోడ్డు మీద వేములవాడ మీదుగా కోరుట్ల పోయే బస్సు హారన్ కొట్టింది. ఎవరూ అటు చూడలేదు.

దగ్గరికి పోదామనుకున్నాను. నా చేతులు సబ్బునురుగుతో ఉన్నాయి. కొంగుకు తుడుచుకున్నాను, అయినా పోలేకపోయాను. నిలబడ్డచోట నుంచే, మామ వినేటట్టు, మా ఆయన వినేటట్టు అన్నాను.

"నా భయం నాకు కనబడొద్దని నీ పెనిమిటిని ముస్తాబు చేయించిన. మనిషి దొరుకుడు కంటే నా కండ్లకు మంచిగ కనబడుడే ఎక్కువ చేసుకున్న. మీ బావను నువ్వంతసేపు తిడుతుంటే గూడ, చెప్పకుండ నిలవడి చూసిన. తప్పు చేసిన భాగ్యా. ఆయనది కాదు. నాది తప్పు."